పివట్‌లో 61, ఫ్రీక్వెన్సీలో 94. ఏది నమ్మాలి?

పలాస గుమస్తా:
నమస్కారమండీ. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. 80 కేజీల పిక్కల బస్తాకి పప్పు ఎంత పడిందో ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఇప్పటికి 316 బస్తాలు. 18 నుంచి 23 దాకా కేజీకో గ్రూపు కట్టి, ఎందులో ఎన్ని బస్తాలో చెప్పమన్నారు షావుకారు. 20కి తక్కువ పడినవి లెక్క తేలితే పిక్కలు అమ్మినాయన్ని నిలదీస్తారట.

ఎక్సెల్‌లో గ్రూపులు కట్టి లెక్కతేల్చే పివట్ టేబుల్‌లో 19–20 వరుసకి 61 వచ్చింది. సరిచూద్దామని ఫ్రీక్వెన్సీ ఫార్ములా వేస్తే అదే వరుసకి 94! మొత్తం మాత్రం రెండిట్లోనూ 316. నిన్న రాత్రి నుంచి ఒకటే టెన్షన్.

విజయనగరం లెక్కల మాస్టారు:
బాబూ, సరిగ్గా 20 పడిన బస్తాలెన్నో ముందు చూడు. పివట్ గ్రూపులో 20 వస్తే 20–21లోకి వెళ్తుంది, మనం బడిలో చెప్పే మినహాయింపు తరగతుల్లాగే. ఫ్రీక్వెన్సీ అలా కాదు. నువ్విచ్చిన హద్దు దాకా, హద్దుతో సహా లెక్కపెడుతుంది. దానికి 20 అంటే కింది గ్రూపే.

పలాస గుమస్తా:
చూశాను మాస్టారూ. సరిగ్గా 20 ఉన్నవి 37, సరిగ్గా 19 ఉన్నవి 4. 61కి 37 కలిపి 4 తీస్తే 94! అంటే 20 లోపు బస్తాలు పివట్ లెక్కలో 83, ఫ్రీక్వెన్సీ లెక్కలో 120. ఆ 120 పట్టుకెళ్లి ఉంటే అమ్మినాయన నన్నే నిలదీసేవాడు.

సోంపేట:
నాకు పివట్ అసలు గ్రూపే అవ్వలేదు. చూస్తే ఒక గడిలో ‘21.5 కేజీ’ అని అక్షరాలతో సహా కొట్టి ఉంది. అది తీసి రిఫ్రెష్ చేస్తే అయిపోయింది. గ్రూపు మొదలు కూడా మీరే 18 అని కొట్టండి. వదిలేస్తే ఉన్నవాటిలో చిన్న అంకె నుంచి మొదలెట్టి 18.2–19.2 అని వికారంగా చూపిస్తుంది.

విజయనగరం లెక్కల మాస్టారు:
పివట్ మీద నమ్మకం కుదరకపోతే, షరతులకి సరిపోయినవే లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ ఫార్ములా వాడు. 19 లేదా ఎక్కువ, 20 కంటే తక్కువ అని నువ్వే రెండు షరతులు రాసుకోవచ్చు. అది సరేగానీ, 316లో 37 బస్తాలకి సరిగ్గా 20 పడటమేంటయ్యా? కాటా దగ్గర ఎవరున్నారు?

పలాస గుమస్తా:
మా కుర్రాడేనండి. అడిగితే, ‘19.8కి 20 అని వేస్తే ఏం పోయింది’ అన్నాడు. రేపటి నుంచి కాటా దగ్గర నేనే కూర్చుంటాను.