ఆదివారం కాలనీ రైతు సంతకి వెళ్తున్నాం, ఎన్నింటికి వెళ్లాలి, ఏం కొనాలి?

ప్రశ్న (నిజాంపేట నుంచి):

అందరికీ నమస్కారం. మా కాలనీ పక్కన ఖాళీ స్థలంలో శని, ఆదివారాలు కూరగాయల సంత పెడుతున్నారు. మొదట్లో నాలుగైదు బండ్లే ఉండేవట, ఇప్పుడు రోడ్డు మలుపు దాకా వచ్చేసింది. ఆకుకూరలు, మామిడిపండ్లు, ముంజలు, నాటు కోడిగుడ్లు, గానుగ నూనె కూడా పెడుతున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. మేం ఈ మధ్యే ఇటు మారాం, ఇంతకాలం కూరగాయలు యాప్‌లోనే తెప్పించుకునేవాళ్లం. ఈ ఆదివారం అత్తయ్యగారిని, ఆరేళ్ల బాబుని తీసుకుని వెళ్దామనుకుంటున్నాను. ఎండలు ఇలా ఉన్నాయి కదా, ఎన్నింటికి వెళ్తే మంచిది? అక్కడ కూర్చున్నవాళ్లలో సొంతంగా పండించిన రైతులెవరో, బోయిన్‌పల్లి మార్కెట్‌లో కొని తెచ్చి అమ్మేవాళ్లెవరో ఎలా తెలుస్తుంది? ఇంకొకటి, ఆవకాయకి కాయలు ఇక్కడే కొనొచ్చా, ఎర్రగడ్డ రైతు బజార్‌కి వెళ్లడం మేలా? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (కేపీహెచ్‌బీ నుంచి):

ఆరున్నరలోపు అక్కడ ఉండేలా చూసుకోండి. మే నెలలో మిగతా సలహాలన్నీ దీని తర్వాతే. పొద్దున ఆరింటికి గోంగూర కట్ట చేతిలోకి తీసుకుంటే కాడ టక్కున విరుగుతుంది, అదే కట్ట పదింటికి మెత్తబడి వేలాడుతుంది, ఈలోగా దాని మీద ఎన్నిసార్లు నీళ్లు చల్లి ఉంటారో మనకి తెలియదు. నీళ్లు చల్లిన ఆకు పైకి నిగనిగలాడుతుంది గానీ ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే కట్ట మధ్యలో నల్లబడి కుళ్లిపోతుంది. అందుకని పై ఆకు చూసి కొనకండి, కట్ట తిప్పి వేళ్లు చూడండి. మట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంటే, కాడ కింది భాగం గోధుమ రంగులోకి తిరక్కపోతే ఆ కట్ట నిన్న సాయంత్రందో ఈ తెల్లవారుజాముదో అయి ఉంటుంది.

రైతెవరో తెలుసుకోవడానికి ముందు వాళ్ల ముందున్న కుప్ప చూడండి. పండించి తెచ్చినవాళ్ల దగ్గర ఒకటి రెండు రకాలే ఉంటాయి, మహా అయితే నాలుగు. కాయలన్నీ ఒకే సైజులో ఉండవు. వంకాయల్లో ఒకటి పిడికిలంత, ఒకటి నిమ్మకాయంత ఉంటుంది, బీరకాయల్లో వంకరపోయినవి కూడా కలిసే ఉంటాయి. అదే ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, క్యారెట్, క్యాప్సికం, బీన్స్ అన్నీ వరసగా పేర్చి ఉంటే అవి హోల్‌సేల్ మార్కెట్ నుంచి వచ్చినవే. అందులో తప్పేమీ లేదు, వాళ్లూ కష్టపడేవాళ్లే. కాకపోతే రైతు సరుకు అనుకుని ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఇంకా తేలకపోతే "ఏ ఊరు, ఎప్పుడు కోశారు, ఇంకా ఏం వేశారు?" అని అడగండి. షాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, యాచారం వైపు నుంచి వచ్చిన రైతయితే చేనులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, ఏ పురుగు పట్టిందో కూడా ఆగకుండా చెప్తారు. కొని తెచ్చినవాళ్లయితే "ఫ్రెష్ మేడం, ఫ్రెష్" అనే దగ్గర ఆగిపోతారు.

నేనయితే రెండు సంచులు అనుకుంటాను. వాడిపోయేవన్నీ, అంటే ఆకుకూరలు, బెండకాయలు, బీరకాయలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు రైతు దగ్గరే కొంటాను, ఉల్లి, ఆలు, వెల్లుల్లి ఎక్కడ చవకయితే అక్కడ. ఎందుకంటే కోత నుంచి మన వంటింటికి పట్టే సమయం తగ్గడమే ఇలాంటి సంత వల్ల మనకి దక్కే అసలు లాభం, నెలల తరబడి నిల్వ ఉండే ఉల్లిగడ్డకి ఆ లాభం ఏముంటుంది!

ధరలకి వస్తే, రైతు బజార్లు 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచి వాటికి ఒక పద్ధతి ఉంది. రైతుకి గుర్తింపు కార్డు ఉంటుంది, ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు, హోల్‌సేల్ ధర కన్నా కాస్త ఎక్కువ, బయటి రిటైల్ ధర కన్నా తక్కువ ఉండేలా చూస్తారు. కాలనీ సంతలో ఆ బోర్డు ఉండదు. ముందు రోజు ఎవరైనా కేపీహెచ్‌బీ రైతు బజార్ వైపు వెళ్తుంటే బోర్డు ఫొటో తీసి పంపమనండి, ఏది ఎంతకి కొనొచ్చో ఒక అంచనా ఉంటుంది. కాంటా మీద పెట్టే ముందు సున్నా చూపిస్తోందా లేదా, గిన్నె బరువు తీసేశారా లేదా అని మీరే చూసుకోండి, మొహమాటం వద్దు. ఫోన్‌పే అందరి దగ్గరా ఉంటుంది గానీ జనం ఎక్కువైతే నెట్‌వర్క్ తిరుగుతూ ఉంటుంది, పది, ఇరవై నోట్లు కొన్ని తీసుకెళ్లండి.

గుడ్డ సంచులు తప్పకుండా పట్టుకెళ్లండి. 120 మైక్రాన్ల కన్నా పలుచటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం ఉంది, ఎవరైనా ఇచ్చినా ఆ కవర్లో ఆకుకూర ఉడికిపోతుంది. ఒక పాత కాటన్ టవల్ తడిపి పిండి పెట్టుకుంటే ఆకుకూరలు అందులో చుట్టి తెచ్చుకోవచ్చు. కారులో వెళ్తే మాత్రం కూరగాయలు డిక్కీలో పెట్టి "టిఫిన్ తినేసి వద్దాం" అనుకోవద్దు.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):

ఆవకాయ సంగతి నేను చెప్తానమ్మా. కాయ ఎక్కడ కొన్నా ఫరవాలేదు, టెంక పట్టిన కాయ అవునా కాదా అన్నదే చూసుకోవాలి. ఒక కాయ కోయించి చూడండి. టెంక గట్టిగా ఉండి, ముక్కకి అంటుకునే ఉంటే మంచిది. కత్తి సులువుగా దిగిపోయి టెంక తెల్లగా మెత్తగా ఉంటే లేతకాయ, పచ్చడిలో ముక్క నెలలోపే మెత్తబడిపోతుంది. కాయ పుల్లగా, పీచుతో, గట్టిగా ఉండాలి. జలాలు, తెల్లగులాబి లాంటివి అడగండి. పేరు చెప్పి వేరే కాయ ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాకే తూయించండి. లోపల పసుపు రంగు తిరిగిందంటే పండబోతోందని లెక్క, వద్దు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. సంతలో కొని అక్కడికక్కడే ముక్కలు కొట్టించుకుంటారు చాలామంది, కాయ కడగకుండానే. సొన, దుమ్ము అంతా ముక్కకి పట్టేస్తుంది, తర్వాత ముక్కలు కడిగితే ఇక ఆ పచ్చడి బూజు పట్టకుండా ఉండదు. మీకు శని, ఆదివారాలు రెండు రోజులూ సంత ఉందంటున్నారు కదా, శనివారం కాయలు కొని ఇంటికి తెచ్చి నీళ్లలో నానబెట్టండి, ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడిచి ఫ్యాన్ కింద ఆరబెట్టండి, ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లి కొట్టించండి. కత్తిపీట కూడా తుడవమని చెప్పండి, మీ బట్టే ఇవ్వండి. కిలోకింత తీసుకుంటారో కాయకింత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. ఇంటికొచ్చాక ప్రతి ముక్కలో జీడి తీసేసి, టెంక లోపల ఉండే పలచటి పొర గోటితో లాగేసి, ఇంకోసారి పొడిబట్టతో తుడవాలి. అత్తయ్యగారు పక్కనే ఉంటారు కాబట్టి ఉప్పు కారాల లెక్క ఆవిడకే వదిలేయండి, ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క.

జవాబు (సనత్‌నగర్ నుంచి):

కాయలు ఎక్కువ కావాలంటే, అంటే పది కిలోలు దాటితే, ఎర్రగడ్డ వెళ్లండి. రకాలు ఎక్కువ, పోల్చి చూసుకోవచ్చు. ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరమే, పార్కింగ్ టెన్షన్ ఉండదు. రెండు మూడు కిలోలకైతే ఎండలో అంత దూరం అక్కర్లేదు.

బేరం గురించి ఒక మాట. కాలనీ సంతల్లో కొందరు "ఆర్గానిక్" అని బోర్డు పెట్టి రెట్టింపు చెప్తున్నారు. అలాంటి చోట సర్టిఫికెట్ ఉందా అని అడగడం తప్పు కాదు, లేకపోతే మామూలు ధర ఇస్తామని చెప్పడం కూడా తప్పు కాదు. నూనె సీసా మీద లేబుల్, లైసెన్స్ నంబర్, తయారీ తేదీ లేకపోతే కొనొద్దు. గుడ్లు ఎండలో గంటలకొద్దీ ఉన్నవి అస్సలు వద్దు, నీడలో పెట్టినవైనా ఇంటికొచ్చి నీళ్లలో వేసి చూడండి, పైకి తేలితే పారేయండి.

జవాబు (షాబాద్ వైపు రైతు కుటుంబం నుంచి):

పైన అన్న అడిగింది న్యాయమే, ఆర్గానిక్ పేరుతో మోసం చేసేవాళ్లని అడగాల్సిందే. కానీ మామూలుగా ఆకుకూర కట్టల దగ్గర ఐదు రూపాయలకి గీచి గీచి బేరం చేసేటప్పుడు ఒకసారి మా వైపు కూడా చూడండి. మా నాన్న, అమ్మ కొత్తిమీర, పాలకూర వేస్తారు. ఎండాకాలంలో కొత్తిమీర బయట వేస్తే ఆకు పెరగకముందే పూతకి వచ్చేస్తుంది, అందుకని షేడ్‌నెట్ కింద వేయాలి, రోజూ తడి పెట్టాలి, బోర్లో నీళ్లు అప్పటికే తగ్గి ఉంటాయి. సాయంత్రం కోసి, కట్టలు కట్టి, తడి గోనెసంచుల్లో చుట్టి, తెల్లవారకముందే నలుగురు రైతులు కలిసి మాట్లాడుకున్న ట్రాలీ ఆటోలో బయలుదేరతారు. తొమ్మిది దాటితే మిగిలింది సగం ధరకి ఇచ్చేస్తారు, అదీ పోకపోతే పడేయడమే. ఆ సమయానికి తక్కువకి దొరుకుతుంది కదా అని రావచ్చు, తప్పు లేదు, ఆ రోజే వండుకునేట్టయితే తీసుకోండి.

టమాటా మాత్రం మా వైపు నుంచి ఇప్పుడు తక్కువే వస్తుంది. ఎండ ముదిరితే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఈ కాలంలో మదనపల్లి వైపు నుంచి వచ్చే సరుకు మీద ఆధారపడాల్సి వస్తుంది, కాబట్టి టమాటా ధర చూసి రైతు ఎక్కువ చెప్తున్నాడు అనుకోవద్దు. దాని బదులు ఇప్పుడు బాగా వచ్చేవి సొరకాయ, దోసకాయ, బెండ, గోకరకాయ, గంగవాయిలి కూర. దొరికితే చింతచిగురు కూడా, ధర ఎక్కువే ఉంటుంది గానీ అది కొమ్మకొమ్మకీ చేత్తో గిల్లి తెచ్చేది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్ అండి. షాబాద్ వారు రాసింది అత్తయ్యగారికి చదివి వినిపించాను, కొత్తిమీరకి బేరం లేదని ఇప్పుడే తేల్చేశారు. బాబుకి మామిడిపండ్లు, ముంజలు కావాలట. కార్బైడ్ భయం ఒకటి ఉంది, దాని గురించి కూడా చెప్తారా?

జవాబు (కేపీహెచ్‌బీ నుంచి):

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో పరిమితికి లోబడి మాగబెట్టడానికి అనుమతి ఉంది, కాబట్టి మాగబెట్టిన పండల్లా విషం అని భయపడనక్కర్లేదు. అనుమానించాల్సింది ఎలాంటి పండంటే, పైన ఒకే తీరు పసుపు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఉండదు, నొక్కితే గట్టిగా ఉంటుంది, కోస్తే టెంక దగ్గర తెల్లగా పుల్లగా ఉంటుంది. తొడిమ దగ్గర వాసన చూడటం అన్నిటికన్నా తేలిక. ఇంకా భయంగా ఉంటే ముదిరిన పచ్చి బంగినపల్లి కాయలు కొని వరిగడ్డిలోనో పాత న్యూస్‌పేపర్లోనో పెట్టుకోండి, నాలుగైదు రోజుల్లో ఇల్లంతా వాసన వస్తుంది. తినేముందు అరగంట నీళ్లలో వేసి కడగండి. పండుతున్న మామిడిని ఆకుకూరల పక్కన మాత్రం పెట్టొద్దు, పండు వదిలే ఇథిలీన్‌కి ఆకు త్వరగా పసుపెక్కుతుంది.

ముంజలు ముందే ఒలిచి కవర్లో కట్టినవి వద్దు, కాయ మీ ఎదురుగా కొట్టించి తీయించుకోండి. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. గట్టిగా తగిలితే ముదిరినట్టు, పిల్లలకి అరగదు. ఇంటికి రాగానే తినేయండి, ఈ వేడికి మధ్యాహ్నానికే పులిసిన వాసన వస్తుంది. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు ఎంత ఎర్రగా కనిపించినా బాబుకి కొనొద్దు. అత్తయ్యగారికి, బాబుకి టోపీ, మజ్జిగ సీసా పెట్టుకోండి, ఎనిమిదిన్నరకల్లా తిరిగి వచ్చేయండి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):

ఇంకొకటి అమ్మా, శనివారం రాత్రి గాలివాన గానీ వడగళ్లు గానీ పడితే, ఆదివారం పొద్దున పచ్చి మామిడి కుప్పలు కుప్పలుగా, చాలా చవకగా వస్తుంది. అవి రాలిన కాయలు. పైకి బాగానే కనిపిస్తాయి గానీ లోపల దెబ్బ తగిలి ఉంటుంది, ఆవకాయకి అస్సలు పనికిరావు. పప్పులోకి, అప్పటికప్పుడు నూరుకునే తొక్కులోకి ఓ కిలో తెచ్చుకోండి, పచ్చడి ఇంకో వారం ఆగినా ఫరవాలేదు.