కొత్త ఇంటికీ పాత లోగిలికీ దీపాల నియంత్రణ: ఒకే పద్ధతి సరిపోతుందా?

ప్రశ్న (పాలకొల్లు నుంచి)

అందరికీ నమస్కారం. పాలకొల్లులో మేము కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి, ప్లాస్టరింగు ఇంకా మొదలుపెట్టలేదు. అంబాజీపేట దగ్గర మా అమ్మా నాన్నలు ఉంటున్న మండువా లోగిలి కూడా ఉంది. దానివి మందపాటి మట్టి గోడలు, వైరింగంతా పైకి కనిపించే చెక్క పట్టీల మీదే ఉంది, గోడ మీద సుత్తి పడనివ్వనని నాన్నగారు ముందే చెప్పేశారు. రెండు చోట్లా దీపాలు ఫోనుతోనూ, వేళను బట్టి వాటంతటవీ వెలిగి ఆరేలా చేయాలని ఉంది. ఏ పద్ధతి ఎంచుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1 (భీమవరం నుంచి)

కొత్త ఇంటికి మాత్రం తీగలతో నడిచే కేఎన్ఎక్స్ (స్విచ్చులూ దీపాలూ సంకేతాలతో మాట్లాడుకునే) పద్ధతిని పరిశీలించండి. ఆ సంకేతాలు మోసే రెండు తీగల బస్ కేబులు ప్రతి స్విచ్చు దగ్గరికీ వెళ్తుంది, దీపాలను వెలిగించి ఆర్పే రిలేలు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఉంటాయి, అన్నిటి మీదా పెత్తనం చేసే కేంద్ర కంప్యూటరు ఉండదు గనుక ఒక స్విచ్చు పాడైతే తక్కిన ఇల్లు ఆగదు. వెలుగు హెచ్చుతగ్గులు కావాలనుకున్న హాలుకు డాలీ (దీపాల వెలుగును సంకేతాలతో సర్దే పద్ధతి) కలపవచ్చు; ఒక్క లైనులో 64 డ్రైవర్లకు (ఎల్ఈడీ దీపాలకు కరెంటు అందించే పరికరాలకు) విడివిడిగా చిరునామాలు ఇవ్వవచ్చు. ప్లాస్టరింగు అయ్యాక ఈ కేబులు వేయాలంటే మళ్లీ గాడి కొట్టించాలి.

సమాధానం 2 (అమలాపురం నుంచి)

పై మిత్రుల మాటలో తప్పు లేదు గానీ, నేను అంత దూరం వెళ్లను. కేఎన్ఎక్స్ అమరికకు ప్రత్యేక సాఫ్ట్‌వేరు, అది తెలిసిన మనిషి కావాలి. తుపాను రోజుల్లో స్విచ్చు మొరాయిస్తే మన వీధి ఎలక్ట్రీషియన్ దాన్ని ముట్టుకోడు. నేనైతే ప్రతి స్విచ్ బోర్డుకూ న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), లోతైన బాక్సు, ఒక ఖాళీ పైపు వేయించి, లోపల ఏ కంపెనీ సరుకు పెట్టాలో తరువాత తేల్చుకుంటాను.

న్యూట్రల్ సంగతి అనుభవం మీద చెబుతున్నాను. మా మేనమామ గారింట్లో న్యూట్రల్ లేని చోట వైర్‌లెస్ స్విచ్చు పెట్టించాం. అలాంటి స్విచ్చు తాను బతకడానికి కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండానే లాక్కుంటుంది. అందుచేత ఆర్పిన 9 వాట్ల ఎల్ఈడీ రాత్రంతా మినుకుమినుకుమంటూనే ఉండేది. మా మామ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది. బల్బు దగ్గర, ఆ కొద్దిపాటి కరెంటు బల్బును తప్పించి పోయేలా బైపాస్ కెపాసిటర్ కలిపాక గాని ఆ మినుకు ఆగలేదు.

సమాధానం 3 (రాజోలు నుంచి)

లోగిలికి బోర్డు వెనక ఇమిడే జిగ్బీ మాడ్యూళ్లు (వైర్‌లెస్ సంకేతంతో దీపాన్ని వెలిగించి ఆర్పే చిన్న పరికరాలు) చాలునండీ. గోడ కొట్టనక్కరలేదు, పాత స్విచ్చు నొక్కితే మునుపటిలాగే పనిచేస్తుంది, నాన్నగారికి ఫోనుతో పనే ఉండదు. మందపాటి మట్టి గోడ సంకేతాన్ని బాగా తగ్గిస్తుంది గనుక ఒకే వైఫై రూటరు మీద ఆధారపడవద్దు; జిగ్బీలో నిరంతరం కరెంటు మీద ఉండే మాడ్యూళ్లు సంకేతాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ పోతాయి. అయితే వాటికీ న్యూట్రల్ కావాలి. బోర్డులో ప్లగ్గు ఉంటే న్యూట్రల్ అక్కడ ఉన్నట్టే, లేని చోట పట్టీ వెంటే ఒక తీగ లాగించండి. ఫ్యాన్లకు దీపాల డిమ్మరు వాడవద్దు, వాటి రెగ్యులేటరు వేరు. చెక్క పట్టీల వైరింగు కాబట్టి ముందుగా ఎర్తింగు పరీక్ష చేయించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ఫోను ముచ్చటకంటే అవసరం.

మన ప్రాంతంలో కరెంటు పోయి రావడం మామూలే. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే వాటంతటవే వెలుగుతాయి. అర్ధరాత్రి ఇల్లంతా ఒక్కసారిగా వెలిగితే ముసలివాళ్లు హడలిపోతారు. పోయినప్పటి స్థితినే గుర్తుంచుకునే అమరిక ఉన్నవే కొనండి. రూటరు, హబ్బు (మాడ్యూళ్లను ఫోనుకు కలిపే పెట్టె) రెండూ ఇన్వర్టరు లైను మీద ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎలక్ట్రీషియన్‌తో ఈ రోజే మాట్లాడి, ప్రతి బోర్డుకూ న్యూట్రల్, ఖాళీ పైపు ఖాయం చేసుకున్నాను. మెట్ల దగ్గర ఒకే దీపాన్ని పైనుంచీ కిందనుంచీ వెలిగించే టూ-వే స్విచ్చుల్లో మాడ్యూలు పైన పెట్టించాలా, కింద పెట్టించాలా?

సమాధానం 3 (రాజోలు నుంచి)

న్యూట్రల్, ఫేజు, దీపానికి వెళ్లే తీగ మూడూ ఒకచోట కలిసే బోర్డులో పెట్టించండి. రెండో స్విచ్చు తీగను మాడ్యూలు ఇన్‌పుట్‌కు కలిపితే సరిపోతుంది.