మేనేజర్ అమోరిమ్‌ని పంపేస్తే మాంచెస్టర్ యునైటెడ్ బాగుపడుతుందా? అభిమానుల మాట

పటమట, విజయవాడ (ఆగస్టు 28, 2025)

రాత్రి పన్నెండున్నరకి మొదలైన మ్యాచ్, పెనాల్టీలు అయ్యేసరికి మూడు కావొచ్చింది. పొద్దున ఏడింటికి నాకు డ్యూటీ. గ్రిమ్స్‌బీ అంటే ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్ జట్టు. వాళ్ల చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ అరగంటకే రెండు గోల్స్ తింది, ఎంబ్యూమో, మగ్వైర్ చివర్లో ఎలాగో సమం చేశారు, ఆఖరికి పెనాల్టీల్లో 12-11తో లీగ్ కప్పు నుంచి బయటికొచ్చేశాం. ఒక్క మ్యాచ్ పోయిందని కాదు నా బాధ. పోయిన సీజన్ 15వ స్థానం, 42 పాయింట్లు, 18 ఓటములు, పైగా యూరోపా లీగ్ ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలో 1-0. ఇంత జరిగాక కూడా అమోరిమ్‌ది అదే 3-4-3: వెనక ముగ్గురు, ముందు ముగ్గురు, అంచుల్లో ఇద్దరు, మధ్యలో ఇద్దరే, ఎదుటివాళ్లు ముగ్గుర్ని పెట్టగానే అదే ఖాళీ, అదే చోట. నాకు కనిపిస్తున్నది ఆయనకి కనిపించదా? ఇప్పుడే పంపేయాలి. ఇంకో పది మ్యాచ్‌లు ఆగి పంపితే ఈ సీజన్ కూడా పోయినట్టే.

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. నేను 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ నుంచి చూస్తున్నా, జర్మనీ జట్టు బయర్న్ మీద ఇంజురీ టైమ్‌లో రెండు గోల్స్ పడినప్పుడు మా ఇంట్లో అందరూ నిద్రలేచి కూర్చున్నారు. కానీ పంపేయడమే మందు అయితే మనకి ఈపాటికి జబ్బు తగ్గాలి కదా. 2013లో మేనేజర్ ఫెర్గూసన్ వెళ్లాక మోయెస్, వాన్ గాల్, మౌరిన్యో, సోల్షెయర్, టెన్ హాగ్, ఇప్పుడు ఈయన. తాత్కాలికంగా వచ్చినవాళ్లు వేరే. ఒక్కొక్కరూ తమ ఆటకి పనికొచ్చేవాళ్లని కొన్నారు, తర్వాత వచ్చినాయనకి వాళ్లు పనికిరాలేదు.

మాది మిర్చి వ్యాపారం. ఫలానా వాడికి ఇవాళే సరుకు కావాలట అని యార్డులో తెలిసిందంటే ఇక ఆ పూట అతనికి చెప్పే ధరే వేరుగా ఉంటుంది. 2022 ఆగస్టులో బ్రెంట్‌ఫర్డ్ మనల్ని 4-0తో కొట్టాక నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్‌కి మన అవసరం తెలిసిపోయింది, వాళ్ల ఆటగాడు ఆంటొనీకి 82 మిలియన్ పౌండ్ల దాకా పెట్టాం. పోగ్బా సంగతి ఇంకా ఘోరం: 2012లో మన దగ్గర్నుంచే వెళ్లిపోయిన కుర్రాడు, 2016లో 89 మిలియన్ పెట్టి తెచ్చుకున్నాం, 2022లో పైసా రాకుండా వదిలేశాం. ఇందులో అమోరిమ్ తప్పేముంది? 2024 నవంబరులో వచ్చాడు, తన ఆటకి అంచుల్లో ఆడే వింగ్‌బ్యాకులే లేని జట్టు చేతిలో పెట్టారు. ఫెర్గూసన్‌కి కూడా టైమ్ ఇచ్చారు కదా.

మొగల్రాజపురం, విజయవాడ

అన్నా, ఫెర్గూసన్ మాట ప్రతిసారీ వస్తుంది కానీ సగమే చెబుతారు. ఆయన 1986లో వచ్చాడు, 1988కే లీగ్‌లో రెండో స్థానం తెచ్చాడు. ఆ తర్వాత 11, 13 స్థానాలకి పడిపోయిన మాట నిజమే, అయినా ఈయన చేయగలడు అన్న నమ్మకం అప్పటికే ఒకసారి కలిగించాడు. అమోరిమ్ దగ్గర అలాంటిది ఒక్కటి చూపించండి, నేనూ ఆగుతాను. తన పాత క్లబ్బు స్పోర్టింగ్‌లో 19 ఏళ్ల తర్వాత లీగ్ గెలిపించాడు, ఒప్పుకుంటా, అది పోర్చుగల్‌లో.

అరండల్‌పేట, గుంటూరు

మీరంతా మేనేజర్ దగ్గరే ఆగిపోతున్నారు. డబ్బు ఎటు పోతోందో చూడండి. 2024 జూలైలో టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు, అక్టోబరులో తీసేశారు. ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తెచ్చుకున్న యాష్‌వర్త్‌ని ఐదు నెలలకే పంపేశారు. ఈ రెండు పనులకే 14.5 మిలియన్ పౌండ్లు. అదే ఏడాది క్లబ్బులో పనిచేసే 250 మందిని తీసేశారు, 2025లో ఇంకో 200 మంది దాకా అన్నారు, మన స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిబ్బందికి పెట్టే భోజనం కూడా ఆపేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడ. 2005లో గ్లేజర్లు అప్పు చేసి క్లబ్బు కొని ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారు. దాని వడ్డీ ఇవాళ్టికీ కడుతూనే ఉన్నాం, పొదుపు మాత్రం వంటవాళ్ల దగ్గర మొదలైంది.

మన ఆటగాడు మెక్‌టామినే ఎందుకు పోయాడో తెలుసా? కొన్న ఆటగాడి ధరని లెక్కల్లో కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి రాస్తారు, అమ్మినప్పుడు మిగిలిన విలువ పోను వచ్చిందే లాభం. అకాడమీ కుర్రాడికి కొన్న ధరే లేదు, కాబట్టి అమ్మితే మొత్తం లాభమే. అందుకే చిన్నప్పట్నుంచీ మన దగ్గర పెరిగినవాణ్ని సుమారు 25 మిలియన్‌కి నాపోలికి ఇచ్చేశాం. ఆ సీజన్లోనే వాళ్లు ఇటలీ లీగ్ గెలిచారు, లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పటమట, విజయవాడ

ఓనర్ల మీద మీరు అన్నదంతా నిజం. కానీ గ్రిమ్స్‌బీ మీద ఎవరు ఎక్కడ ఆడాలో గ్లేజర్లు చెప్పలేదు కదన్నా.

బ్రాడీపేట, గుంటూరు (సెప్టెంబరు 2)

నిన్నటితో కొనుగోళ్ల గడువు అయిపోయింది కాబట్టి ఇప్పుడు లెక్క తేలింది. ఆంటొనీ స్పెయిన్ క్లబ్బు బెటిస్‌కి వెళ్లాడు, మనకి వచ్చింది 22 మిలియన్ దగ్గర. హోయ్‌లుండ్ నాపోలికి లోన్ మీద, అంటే తాత్కాలికంగా. వచ్చినవాళ్లలో కున్యా, ఎంబ్యూమో, షెష్కో ముగ్గురికే 190 మిలియన్ పైన, ఆఖరి రోజున గోల్‌కీపర్ లామెన్స్. ముగ్గురూ మంచి ఆటగాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. మధ్యలోకి మాత్రం ఒక్కణ్ని కూడా తేలేదు. కాజెమిరోకి 33 ఏళ్లు, అతని పక్కన పరిగెత్తడానికి గోల్స్ చేయాల్సిన బ్రూనోని వెనక్కి లాగారు. ఈ ఒక్క విషయంలో తమ్ముడి మాటే కరెక్ట్, ఆ ఖాళీ నాకూ కనబడుతోంది. కొనేవాళ్లు పూడ్చలేదు, మేనేజర్ తన పద్ధతి మార్చుకోడు.

అయినా శనివారం బర్న్‌లీ మీద 3-2తో గెలిచాం, 97వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ. నేను ఇంకా ఆయన్ని ఉంచమనే అంటాను.

మొగల్రాజపురం, విజయవాడ

14న మాంచెస్టర్ సిటీతో మ్యాచ్, మనకి రాత్రి 9 గంటలకి. వాళ్లు మధ్యలో కచ్చితంగా ముగ్గుర్ని పెడతారు. మన ఇద్దరూ ఎవరన్నా?