మ్యాప్‌లో ముదురు నీలం వచ్చిన చోటే బోరు ఎండింది, తప్పెక్కడ?

మెట్టకుర్రోడు:
అన్నలూ, కొంచెం ఓపిగ్గా చదవండి. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు మెట్ట. ఎంటెక్ ప్రాజెక్టు కోసం మా మండలానికి భూగర్భజలాల మ్యాప్ చేశా. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల డేటాతో (అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తులు) వాలు, వాగుల సాంద్రత తీసి, సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మ నుంచి లీనియమెంట్లు (రాతిలో పగుళ్లున్నాయేమో అనిపించే తిన్నని గీతలు), భూవినియోగం తీసి, రాతిరకం, నేల, వర్షపాతం కలిపి ఏహెచ్‌పీతో (అంశాల్ని రెండేసి చొప్పున పోల్చి మార్కులేసే పద్ధతి) వెయిటేజీలు ఇచ్చా. ముదురు నీలమంటే నీళ్లు బాగా పడే చోటు, ఎరుపంటే పడని చోటు. కన్సిస్టెన్సీ రేషియో 0.06 వచ్చింది, గైడ్ ఓకే అన్నారు. మా బాబాయి బత్తాయి తోట సరిగ్గా ముదురు నీలంలో పడింది, నేనే నోరు జారి చెప్పేశా. ఆయన ఇంకెవర్నీ అడక్కుండా బోరుబండి పిలిపించాడు. 620 అడుగులు పోయినా దుమ్మే. పక్క చేను నా మ్యాప్‌లో ఎర్రగా ఉంది, అక్కడ 280 అడుగుల బోరు రెండించులు పోస్తోంది. పిన్ని నాతో మాట్లాడట్లేదు. ఎక్కడ తప్పు చేశానంటారు?

పలుగురాయి:
అబ్బయా, లీనియమెంట్లు చేత్తో గీశావా, సాఫ్ట్‌వేర్‌తో లాగావా? సాఫ్ట్‌వేర్‌కి తిన్నగా కనపడిందల్లా గీతే. దానికి రాతిలో పగులూ, కాలవగట్టూ, అడవి సరిహద్దూ అన్నీ ఒకటే.

సరే, గీత నిజంగా రాతిదే అనుకుందాం. అయినా అది పగులే అవ్వాలని లేదు, డోలరైట్ డైక్ కూడా పైనుంచి అట్లాగే కనపడుతుంది. అది భూమిలో నిలబెట్టిన నల్లరాతి గోడ లాంటిది. ఎగువనుంచి వచ్చే నీటిని ఆపుతుంది కాబట్టి ఎగువ పక్కన వేస్తే నీళ్లు పడే అవకాశం ఉంది, గోడ నెత్తిన వేస్తే మాత్రం చాలాసార్లు దుమ్మే. పైగా మీ ఉదయగిరి, వింజమూరు వైపు నెల్లూరు షిస్టు బెల్టు. కాకిబంగారం మెరిసే ఆ రాయి కుళ్లితే బంకమన్నులా తయారై నీటిని పట్టుకుంటుందే గానీ తొందరగా వదలదు. అందులో పగిలిన పలుగురాయి తీగ తగిలితే నీళ్లు పడొచ్చు. ఆ తీగ అడుగో రెండడుగులో ఉంటుంది, నీ పిక్సెల్ 30 మీటర్లు, అంటే దగ్గరదగ్గర 22 సెంట్ల నేలకి ఒకటే రంగు. బోరేమో ఆరున్నర అంగుళాలు.

పెన్నాగట్టు:
మా ఊళ్లో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసే ఆయన ఉన్నాడు. బోరు ఎండితే ‘మీ టైం బాలేదు’ అంటాడు. నువ్వు కూడా అదే అనేసి ఉంటే సరిపోయేది తమ్ముడూ.

మెట్టకుర్రోడు:
సాఫ్ట్‌వేరే అన్నా. మీరు చెప్పాక గీతల్ని శాటిలైట్ బొమ్మ మీద వేసి చూశా. బాబాయి చేలో రెండు గీతలు కలుస్తున్నాయి, అందుకే అంత స్కోరు. ఒకటి జామాయిల్ తోట అంచు. రెండోది మట్టిరోడ్డు, నేను రోజూ బండి మీద పోయే రోడ్డే.

డెమ్‌దాసు:
హహ, నా మొదటి మ్యాప్‌లో పంటకాలవ ఇట్లాగే దూరింది. ఆ 0.06 చూసి మురిసిపోకు. నువ్విచ్చిన మార్కులు ఒకదానికొకటి పెద్దగా అడ్డం తిరగలేదని మాత్రమే దానర్థం, అవి నిజమని కాదు. వర్షపాతం పొరలో గుండ్రటి మచ్చలు వచ్చాయా? రెండు మూడు రెయిన్‌గేజ్‌లతో ఐడీడబ్ల్యూ (దగ్గరి గేజ్‌కి ఎక్కువ విలువిచ్చి మధ్య చోట్ల వాన అంచనా కట్టే లెక్క) చేస్తే అవే వస్తాయి. ఒక్క మండలంలో ఆ పొరకి వెయిటేజీ బాగా తగ్గించు. ఎండాకాలం బొమ్మలో పచ్చగా ఉన్నచోటల్లా నీళ్లున్నాయనీ అనుకోకు, మన దగ్గర సర్కారుతుమ్మ ఏ నెలలో ఎండింది గనక.

అసలు పని ఊళ్లో ఉంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని తిరుగు, ప్రతి బోరు దగ్గరా ఎన్ని అడుగులు, నీళ్లు ఎక్కడ తగిలాయి, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది అని రాసుకో. ఎండిన బోర్లు ముఖ్యం, వాటి గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు, అడగాలి. సగం బోర్లతో వెయిటేజీలు సరిచేసుకుని మిగతా సగం పరీక్షకి దాచుకో. రాజీవ్‌గాంధీ తాగునీటి మిషన్ కోసం ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు చేసిన 1:50,000 భూగర్భజలాల మ్యాప్‌తో కూడా పోల్చు. అందులోనూ ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు, కాబట్టి నీలం వచ్చినచోట ముందు రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి అడుగున ఏముందో అంచనా వేసేది) చేయించి, ఆ తర్వాతే బండి.

పలుగురాయి:
అదంతా తర్వాత. ఆ 620 అడుగుల బోరు ఏం చేశారు?

మెట్టకుర్రోడు:
కేసింగ్ పీకేశారు. గోనెసంచి కప్పి పైన రాయి పెట్టాం.

పలుగురాయి:
రాయి ఏంది అబ్బయా! పిల్లలు తిరిగే చేను. అడుగునుంచి నేల మట్టం దాకా మట్టీ రాళ్లూ పోసి పూడ్చండి, ఈరోజే.

మెట్టకుర్రోడు:
సరే అన్నా. ట్రాక్టర్ బాబాయిదే, అడగాలంటే ముందు పిన్ని ఎదురొస్తుంది, అదొక టెన్షన్. పోతున్నా.