ముంబై బేస్, కొత్త ఫస్ట్ ఆఫీసర్, ఇంటి అద్దె: ఈ భారం ఎవరిది?

కుడి సీటు (చర్చ ప్రారంభించినవారు):

అందరికీ నమస్కారం. నేను ఎ320 విమానాలు నడిపే జూనియర్ ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కుడి సీటులో కూర్చునే సహ పైలట్‌ని. మాది గుంటూరు. అమ్మానాన్నలు, భార్య, పాప కూకట్‌పల్లిలో ఉంటారు. ఉద్యోగంలో చేరేటప్పుడు బేస్‌గా, అంటే డ్యూటీలు మొదలయ్యే ఊరుగా, హైదరాబాద్ కోరుకున్నాను, ముంబై వచ్చింది. అంధేరి తూర్పులోనో, మరోల్‌లోనో కుటుంబంతో ఉండదగిన ఇల్లు తీసుకోవాలంటే నెలనెలా అద్దెతో పాటు ముందుగా పెద్ద మొత్తంలో డిపాజిట్, బ్రోకర్‌కు ఒక నెల అద్దె, 11 నెలలు గడవగానే మళ్లీ కొత్త ఒప్పందం తప్పవు. పైలట్ శిక్షణకూ, ఆ తర్వాత టైప్ రేటింగ్‌కూ (ఒక రకం విమానం నడపడానికి కావలసిన ప్రత్యేక అర్హతకు) చేసిన అప్పు వాయిదా కట్టాక అలాంటి ఇల్లు నా జీతంలో ఇమడదు. అందుకని మరికొందరు పైలట్లతో కలిసి మరోల్‌లో ఒక ఫ్లాట్ పంచుకుంటున్నాను. వారపు విశ్రాంతి వచ్చినప్పుడు, విమానంలో సీటు మిగిలితే, స్టాఫ్ టికెట్ మీద హైదరాబాద్ వెళ్లి వస్తున్నాను.

మా ఫ్లాట్‌లో ఒకరు తెల్లవారుజామున 3 గంటలకు పికప్ కోసం స్నానానికి లేస్తే, మరొకరు అప్పుడే రాత్రి డ్యూటీ ముగించుకొని తలుపు తీస్తారు. రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) కలవని మనుషులు ఒకే గదిలో ఎంత మర్యాదగా మసలుకున్నా నిద్ర చెడుతుంది.

పైలట్లకు లక్షల్లో జీతాలు కదా, అద్దె కట్టుకోలేరా అని బంధువులే అడుగుతుంటారు. కెప్టెన్ జీతాన్ని చూసి కొత్త ఫస్ట్ ఆఫీసర్ పరిస్థితిని అంచనా వేయకూడదు. పైగా మా రాబడిలో ఒక భాగం ఎగిరిన గంటలను బట్టి ఉంటుంది. వైద్య పరీక్షలో తాత్కాలికంగా అనర్హులని తేలితే ఆ భాగం ఆగిపోతుంది, అద్దె మాత్రం ఆగదు.

నా ప్రశ్న ఇది. ముంబై వంటి నగరాన్ని బేస్‌గా నిర్ణయించే సంస్థ జూనియర్ పైలట్ల వసతి ఖర్చులో వాటా పెట్టుకోవాలా, లేక అది పూర్తిగా ఉద్యోగి సొంత వ్యవహారమా? పెట్టుకోవాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను.

ములుండ్ నివాసి:

మీ ఇబ్బంది నిజమే, కానీ మీ వాదనతో ఏకీభవించలేకపోతున్నాను. ఈ నగరంలో పనిచేసేవారిలో ఎంతోమంది పనిచేసే చోట ఉండలేరు. మా ఆవిడ ఐసీయూ నర్సు. ఆమెతో పనిచేసేవారు కల్యాణ్, బద్లాపూర్, విరార్ నుంచి లోకల్ రైళ్లలో వస్తారు. రాత్రి డ్యూటీ దిగి, నిలబడే తిరిగి వెళ్లి, సాయంత్రానికి మళ్లీ వస్తారు. వారి చేతుల్లో ఉన్నవీ ప్రాణాలే. వారికి ఆసుపత్రి అద్దె కట్టాలని ఎవరూ చర్చ పెట్టడం లేదు. మీకు కనీసం సంస్థ కారు గుమ్మం దగ్గరికి వస్తుంది. బేస్ ఏదో తెలిసే నియామక పత్రం మీద సంతకం చేశారు కదా. భివండీ మరమగ్గాల దగ్గర తరాలుగా పనిచేస్తున్న మన పద్మశాలీల ఇళ్లు ఎలా ఉంటాయో ఒకసారి చూసి రండి అని మాత్రం కోరుతున్నాను.

న్యూజెర్సీ తెలుగు:

నేను న్యూఆర్క్ విమానాశ్రయానికి దగ్గరలో ఉంటాను, విమానయాన రంగంలోనే నేల మీద పనిచేస్తాను. ములుండ్ నివాసి గారూ, ఐసీయూ నర్సు అలసట గురించి మీరు రాసినదానితో నాకు విభేదం లేదు. కానీ పైలట్ల విషయంలో అద్దెకూ ప్రమాదానికీ మధ్య ఉన్న దారి ఒక దర్యాప్తు నివేదికలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూఆర్క్ నుంచి బఫలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం దిగడానికి కొద్దిసేపటి ముందు ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఆ ఇంట్లో ఒకరు మరణించారు. ఇద్దరు పైలట్ల బేస్ న్యూఆర్కే, అయితే ఇద్దరిలో ఎవరికీ అక్కడ ఇల్లు లేదు. కెప్టెన్ ఫ్లోరిడాలోని టాంపా ప్రాంతం నుంచి వచ్చిపోయేవారు. ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉండేది. ముందురోజు రాత్రి ఆమె సరకు రవాణా విమానంలో మెంఫిస్ చేరి, అక్కడి నుంచి మరో విమానంలో తెల్లవారేసరికి న్యూఆర్క్ వచ్చి, సిబ్బంది గదిలో కాసేపు కునుకు తీసింది. ఆ ఏడాది ఏప్రిల్ నాటికి కోల్గన్ న్యూఆర్క్ బేస్‌లో ఉన్న 137 మంది పైలట్లలో 93 మంది తాము వేరే ఊళ్ల నుంచి వచ్చిపోతున్నామని చెప్పినట్లు ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు నమోదు చేసింది. ప్రాంతీయ విమాన సంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు అప్పట్లో ఇచ్చిన జీతంతో న్యూఆర్క్ చుట్టుపక్కల ఇల్లు తీసుకోవడం ఎంత కష్టమో ఇక్కడ ఉంటున్న నేను చెప్పగలను.

న్యాయంగా చెప్పాలంటే, బోర్డు తేల్చిన ప్రధాన కారణం అలసట కాదు. స్టాల్ హెచ్చరిక (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి దగ్గరపడిందన్న హెచ్చరిక) వచ్చినప్పుడు కెప్టెన్ విమానం ముక్కు దించాల్సింది పోయి పైకి లాగడమే ప్రధాన కారణమని తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునూ తగ్గించి ఉండవచ్చు గానీ ఎంతవరకో నిర్ధారించలేమంది. అలసటను దోహదకారణాల్లో చేర్చాల్సిందేనని అప్పటి అధ్యక్షురాలు డెబోరా హెర్స్‌మన్ విడిగా రాశారు.

నన్ను ఈనాటికీ కలవరపెట్టేది కాక్‌పిట్ సంభాషణలోని ఒక చిన్న భాగం. ఫస్ట్ ఆఫీసర్‌కు జలుబు చేసి ఒంట్లో బాగాలేదు. ఇంటి దగ్గర ఉండగా ఇలా ఉంటే ఇంత దూరం వచ్చేదాన్నే కాదని, ఇప్పుడు సెలవు చెబితే తగ్గేవరకు సొంత ఖర్చుతో హోటల్లో ఉండాలని ఆమె కెప్టెన్‌తో అంది. నడపదగిన స్థితిలో ఉన్నానా లేనా అని నిర్ణయించుకోవలసిన మనిషి ముందు హోటల్ బిల్లు లెక్క వేసుకోవలసి వచ్చింది. బేస్‌లో ఆమెకు ఒక గది ఉండి ఉంటే ఆ లెక్క అవసరమయ్యేది కాదు. నిబంధనల పుస్తకం ఎంత మందమైనా ఈ ఒక్క చోట పనిచేయదని నా నమ్మకం.

విశ్రాంత కెప్టెన్:

నేను 30 ఏళ్లకు పైగా విమానాలు నడిపాను, అందులో చాలాకాలం ముంబైలోనే. కోల్గన్ ప్రమాదం తర్వాత అమెరికా ఏం చేసిందో కూడా చెప్పుకుందాం. 2014 జనవరి 4 నుంచి అమలైన నిబంధనలు డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతినీ, అందులో 8 గంటలు నిద్రపోయే అవకాశాన్నీ తప్పనిసరి చేశాయి. వేరే ఊరి నుంచి రావడాన్ని మాత్రం నిషేధించలేదు, సంస్థలు ఇల్లు కట్టివ్వాలనీ చెప్పలేదు. డ్యూటీకి తగిన స్థితిలో హాజరవడం పైలట్ బాధ్యత కూడా అని స్పష్టం చేశాయి. ఐరోపా నిబంధనల్లోనూ ఇంటి నుంచి బేస్‌కు ప్రయాణం సాధారణంగా 90 నిమిషాలు దాటితే దగ్గరలో తాత్కాలిక వసతి చూసుకోవడాన్ని సిబ్బందే ఆలోచించాలని ఉంది.

న్యూయార్క్‌లో క్వీన్స్ పరిధిలోని క్యూ గార్డెన్స్‌లో పైలట్లు, క్యాబిన్ సిబ్బంది ఒకే ఇంట్లో మంచాలు పంచుకొని దశాబ్దాలుగా గడుపుతున్నారు. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం పార్కింగ్ స్థలంలో విమాన సిబ్బంది ఇళ్లలా అమర్చిన వాహనాల్లో నివసిస్తున్న సంగతి 2009లో అక్కడి పత్రికల్లో వచ్చింది. అది మంచిదని నేను అనను. కానీ ఈ వృత్తిలో మొదటి కొన్నేళ్లు ఇలాగే ఉంటాయి. సీనియారిటీ వచ్చాక బేస్ మారవచ్చు. కుడి సీటు గారికి నా సలహా: హైదరాబాద్ రాకపోకలు తగ్గించి, విశ్రాంతి కాలాన్ని విశ్రాంతికే వాడండి. కుటుంబాన్ని నవీ ముంబై వైపున్న ఉల్వేకో పన్వేల్‌కో తీసుకురండి, అద్దెలు అక్కడ ఇంకా అందుబాటులో ఉన్నాయి.

కుడి సీటు:

కెప్టెన్ గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ని, అయినా రెండు విషయాలు మనవి చేసుకోవాలి.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది, ఒక పైలట్ చేయదగిన రాత్రి ల్యాండింగుల గరిష్ఠ సంఖ్యను తగ్గించింది. ఆ మార్పులకు తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు దేశమంతా చూసింది. ఇంత పోరాడి సాధించుకున్న 48 గంటల్లో నాకు మిగిలేది ఎంత? కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ వెళ్లడానికి, సీటు దొరుకుతుందో లేదో తెలియక అక్కడ ఎదురుచూడటానికి, గంటన్నర విమానంలో కూర్చోవడానికి, తిరిగి మరోల్ చేరడానికి పోయే సమయం రోస్టర్‌లో మాత్రం విశ్రాంతిగానే ఉంటుంది. సంస్థ పని మీద నన్ను ప్రయాణికుడిగా మరో ఊరు పంపితే అది డ్యూటీ కిందికి వస్తుంది. అదే సీటులో ఇంటి నుంచి బేస్‌కు వస్తే రాదు. నిబంధన అలా ఉండటానికి కారణం నాకు తెలుసు, కానీ శరీరానికి ఆ రెంటి మధ్య తేడా లేదు.

ఉల్వే సంగతి. నవీ ముంబై విమానాశ్రయం నుంచి 2025 డిసెంబరు 25న సర్వీసులు మొదలయ్యాయి. నా డ్యూటీలు ఇప్పటికీ పాత విమానాశ్రయం ఉన్న సహార్ నుంచే. రేపు రెండు విమానాశ్రయాలనూ ఒకే బేస్‌గా లెక్కగట్టి రోస్టర్ వేస్తే, ఎక్కడ ఇల్లు తీసుకున్నా సగం డ్యూటీలకు అది దూరమే అవుతుంది. ఇంటి స్టాండ్‌బైలో ఉన్నవాడు పిలిచిన వెంటనే బయల్దేరాలి. అప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే జవాబు చెప్పుకోవలసింది నేనే.

పన్నుల లెక్క:

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, నా క్లయింట్లలో పైలట్లు ఉన్నారు. సంస్థ వాటా పెట్టుకోవాలనుకుంటే ఏ రూపంలో పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు లేదు కాబట్టి నెలకు 60,000 రూపాయలు భత్యంగా ఇస్తే మొత్తం మీద పన్ను పడుతుంది. అదే సంస్థ తానే ఇల్లు అద్దెకు తీసుకొని ఉద్యోగికి ఇచ్చిందనుకోండి. 2023 సెప్టెంబరులో మార్చిన నిబంధన ప్రకారం ముంబై వంటి పెద్ద నగరాల్లో జీతంలో 10 శాతమో, సంస్థ కట్టే అద్దో, ఏది తక్కువైతే అంతే ఆదాయానికి కలుపుతారు. నెలకు 2 లక్షల జీతం ఉన్నవారికి 60,000 అద్దె ఇల్లు ఇస్తే పన్ను లెక్కలోకి వచ్చేది 20,000 మాత్రమే. సంస్థకు అదే ఖర్చు, ఉద్యోగికి ఎక్కువ ప్రయోజనం. చర్చల్లో భత్యం పెంచమని అడిగేవారు ఇది గమనించాలి.

కలీనా పక్కవీధి:

సంస్థ ఇల్లు అనగానే సంతోషించే ముందు మా పక్కనున్న ఎయిర్ ఇండియా కాలనీని గుర్తుచేసుకోండి. విమానాశ్రయానికి అంత దగ్గరలో పైలట్లు, ఇంజినీర్లు, క్యాబిన్ సిబ్బంది కుటుంబాలతో దశాబ్దాల పాటు నివసించారు. పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. 2022 జనవరిలో సంస్థ టాటాల చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఆరు నెలల్లో ఇళ్లు ఖాళీ చేయాలన్నది అమ్మకం షరతుల్లోనే ఉంది. గడువులు, నోటీసులు, హైకోర్టు మెట్లు దాటి చివరకు భవనాలు కూల్చారు. ఉద్యోగమూ ఇల్లూ ఒకే చేతిలో ఉంటే, రోస్టర్ గురించి ఫిర్యాదు చేయడానికి కూడా మనిషి వెనకాడతాడు. అలసిపోయాను, నడపలేను అని నిర్భయంగా చెప్పగలగడం కోసమే మీరు ఇల్లు అడుగుతున్నారు. ఆ ధైర్యాన్నే ఆ ఇల్లు తీసేసే ప్రమాదం ఉంది.

గాలిలో అమ్మాయి:

నేను క్యాబిన్ సిబ్బందిని, వరంగల్ నుంచి వచ్చి ముంబైలో ఉంటున్నాను. ఇంతసేపూ పైలట్ల గురించే మాట్లాడారు. మా జీతం వారికంటే చాలా తక్కువ, డ్యూటీ మాత్రం అదే విమానంలో, అదే వేళల్లో. పొగ నిండిన క్యాబిన్‌లోంచి 90 సెకన్లలో ప్రయాణికులను దింపవలసింది మేమే. అద్దె ఒక్కటే అడ్డంకి అనుకోకండి. పెళ్లి కాని అమ్మాయి రాత్రి 2 గంటలకు యూనిఫాంలో కారు దిగుతుందని తెలిస్తే కొన్ని సొసైటీలు ఇల్లే ఇవ్వవు. డబ్బు ఉన్నప్పుడు కూడా నాకు ఇల్లు దొరకలేదు. సంస్థ పేరు మీద ఒప్పందం రాస్తే ఆ సమస్య చాలావరకు తీరుతుంది, దానికి సంస్థకు అదనంగా రూపాయి ఖర్చు కాదు.

న్యూజెర్సీ తెలుగు:

కలీనా ఉదాహరణ చాలా విలువైనది. అందుకే నేను కాలనీలు అడగడం లేదు. బేస్‌లో సంస్థ ఖర్చుతో కొన్ని నిశ్శబ్దమైన గదులు, ఒక మనిషికి ఒక గది చొప్పున, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దూరం నుంచి వచ్చినవారు డ్యూటీకి ముందు రాత్రి అక్కడ పడుకోవాలి. ఒంట్లో బాగాలేక సెలవు చెప్పినవారు కోలుకునేదాకా పైసా కట్టకుండా అక్కడ ఉండగలగాలి. ఎవరూ వాటిలో కాపురం పెట్టరు కాబట్టి ఉద్యోగం పోతే ఇల్లు పోతుందన్న భయం ఉండదు. లేఓవర్ (డ్యూటీల మధ్య వేరే ఊళ్లో సిబ్బంది బస) కోసం ప్రతి ఊళ్లో హోటల్ గదులు తీసుకునే సంస్థకు తన సొంత బేస్‌లో ఈ ఏర్పాటు చేయడం కొత్త విద్యేమీ కాదు. కుటుంబం కోసం ఇల్లు తీసుకునేవారి విషయం వేరు. వారికి పన్నుల లెక్క గారు చెప్పినట్లు సంస్థ పేరు మీద లీజు ఉంటే చాలు, అద్దెలో ఎవరి వాటా ఎంతో జీతపు చర్చల్లో తేల్చుకోవచ్చు.

ములుండ్ నివాసి:

హోటల్ బిల్లుకు భయపడి జలుబుతో విమానం ఎక్కిన పైలట్ గురించి చదివాక, గదుల వరకు మీ ప్రతిపాదనను అంగీకరిస్తున్నాను. కానీ అద్దెలో వాటా అన్నదానికి నేను ఇప్పటికీ వ్యతిరేకినే. గదులైనా క్యాబిన్ సిబ్బందికీ, రాత్రి విమానాలకు మరమ్మతులు చేసే టెక్నీషియన్లకూ కూడా ఇవ్వాలి. టెక్నీషియన్ బోల్టు బిగించేది కూడా తెల్లవారుజామున 3 గంటలకే, అతను వచ్చేది కూడా బద్లాపూర్ నుంచే.

కుడి సీటు:

టెక్నీషియన్ల మాట నాకు పూర్తిగా సమ్మతమే. అద్దె విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. గది నా నిద్రను కాపాడుతుంది, కానీ పాపను నెలకు రెండుసార్లు చూడటానికి ఆ 48 గంటలను దారిలో పోగొట్టుకోవడం ఆగాలంటే కుటుంబం ముంబైలో ఉండాలి. మీలో ఎవరి సంస్థలోనైనా లీజు ఉద్యోగి పేరు మీద కాక సంస్థ పేరు మీద ఇస్తుంటే, ఒప్పందంలో ఖాళీ చేయడానికి ఎంత గడువు పెట్టారో దయచేసి ఇక్కడ రాయండి. వచ్చే నెల మా పైలట్ల ప్రతినిధులు యాజమాన్యంతో కూర్చుంటున్నారు. కనీసం ఆరు నెలల గడువు అడగాలని వారికి చెప్పబోతున్నాను.