మోటోజీపీ (బైక్ రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్) రేసు పూర్తిగా చూడాలంటే ఏం చేస్తున్నారు?

ప్రశ్న (కూకట్‌పల్లి): ఆదివారం సాయంత్రం ఐదున్నరకి యూరప్ రేసు కోసం టీవీ ముందు కూర్చుంటే, క్రికెట్ ఇంకా అవలేదని రేసు సగం అయ్యాక కలిపారు, పైగా మధ్యలో యాడ్స్! శనివారం స్ప్రింట్ అయితే సగం దూరమే కదా, ఒక్క బ్రేక్‌కే రెండు ల్యాపులు పోతున్నాయి. 2023లో మన దేశంలోనే, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఇటలీ రైడర్ బెజ్జెక్కి గెలిచినప్పుడు ఎంత సందడి, ఇప్పుడు ఇదేంటి?

జవాబు (మలక్‌పేట): యాడ్స్ చానల్‌వే గానీ, బొమ్మ వాళ్ల చేతిలో లేదు బ్రో. అన్ని దేశాలకీ వెళ్లేది నిర్వాహకులు పంపే ఒకే ఫీడ్ (లైవ్ వీడియో). డైరెక్టర్ ముందున్న బైక్‌నే పట్టుకుంటే, ఎనిమిదో స్థానం కోసం కొట్టుకునేవాళ్లు రీప్లేలోనే కనిపిస్తారు, నాకు అసలు బాధ అదే. ఫోన్‌లో లైవ్ టైమింగ్ (రైడర్ల టైములు, తేడాలు అప్పటికప్పుడు చూపించేది) పెట్టుకో, ఎవరు ఎవర్ని అందుకుంటున్నారో ముందే తెలుస్తుంది.

జవాబు (ఉప్పల్): వీడియోపాస్ (మోటోజీపీ వాళ్ల సొంత ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్) తీసుకోండి. యాడ్స్ ఉండవు, ఏ బైక్ మీదున్న ఆన్‌బోర్డ్ కెమెరా చూడాలో మనమే ఎంచుకోవచ్చు.

జవాబు (మెహదీపట్నం): ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ (ఆ దీవిలో మామూలు రోడ్ల మీద జరిగే బైక్ రేసు) చూపించడం ఇంకా కష్టం. ఒక్క ల్యాపే 60 కిలోమీటర్లు, రైడర్లని పది సెకన్ల తేడాతో ఒక్కొక్కరిగా వదులుతారు కాబట్టి ముందు వెళ్తున్నవాడే లీడర్ అనుకోలేం. హెలికాప్టర్ షాట్ల కంటే తెర మీద టైమే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: టైమింగ్ ఐడియా బాగుంది, ఈ శనివారం స్ప్రింట్‌కే పెడతా.