పాత సీసాలతో బడి గోడకు తోట: పాఠమా, వాయిదా వేసిన చెత్తా?

మారతహళ్లి అమ్మ:
మా అబ్బాయి చదివే బడిలో ఐదో తరగతి పిల్లలు నలభై మందీ తలా నాలుగు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు తేవాలని, వాటితో కాంపౌండు గోడకు నిలువు తోట కడతామని చీటీ పంపారు. మా ఇంట్లో ఆ సీసాలే ఉండవు. కొందరు తల్లిదండ్రులు గడువు దగ్గర పడేసరికి కొత్త సీసాలు కొని, లోపలి పానీయాన్ని సింకులో పారబోశారని విన్నాను. ఇది చెత్తను తగ్గించడమా, పెంచడమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సైన్సు టీచరు, కె.ఆర్.పురం:
మూడేళ్ల కిందట మా బడిలో నేనే ఈ పని చేయించాను కాబట్టి వద్దనే చెబుతాను. జూన్‌లో కట్టాము, ఆగస్టు పదిహేనుకు వచ్చిన అతిథులందరూ దాని ముందు ఫొటోలు దిగారు. దసరా నాటికి సీసాల లోపల పచ్చటి నాచు పట్టింది. ఏప్రిల్, మే సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేక మొక్కలన్నీ ఎండాయి. రెండో ఏటికి ఎండకు పెళుసెక్కిన సీసాలు పట్టుకుంటే పెచ్చులుగా విరిగాయి. శుభ్రమైన పెట్ (కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్) సీసాను పాతసామాన్ల అంగడిలో కొంటారు, అది కరిగి దారమై బట్టగా మారుతుంది. మట్టి నింపి, రంగు పూసి, మేకు కొట్టిన సీసాను ఎవరూ ముట్టరు. అంటే బాగుపడే వస్తువును మనమే చెత్త చేసి, దానికి పర్యావరణ పాఠమని పేరు పెడుతున్నాము.

మిద్దెతోట, జయనగర:
టీచరుగారు చెప్పినవన్నీ నిజమే అయినా, ఆ తప్పులు సీసావి కావు, కట్టిన తీరువి. వెలుతురు తగిలితేనే నాచు పడుతుంది కనుక బయట రంగు పూయాలి, లేదా పాత గోనెగుడ్డ చుట్టాలి. పై సీసా నుంచి కింది సీసాకు నీరు దిగేలా కడతారు కాబట్టి పైవి ముందు ఎండుతాయి, కిందివి మురుగుతాయి. అందుకని పైన వాము ఆకు, నడుమ మెంతి, అడుగున పుదీనా వేయాలి. ఒకే మొక్క గోడంతా నాటితే సగం చావక తప్పదు. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది. ఇక నీటి మాట: 2024 మార్చిలో కరువు వచ్చినప్పుడు తోటలకు తాగునీరు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని మన బెంగళూరు జలమండలి ఆదేశించింది గదా. సాయంత్రం బెల్లు కొట్టాక పిల్లల నీళ్లబాటిళ్లలో మిగిలినది ఒక బకెట్టులోకి వంపించి చూడండి, ఒక తరగతి నీళ్లే చిన్న తోటకు సరిపోవచ్చు. అడుగున పెట్టే పళ్లేన్ని మాత్రం వారానికొకసారైనా వంపి, తోమి ఆరబెట్టాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు తొడిగేందుకు పది రోజులు చాలు.

సైన్సు టీచరు, కె.ఆర్.పురం:
బకెట్టు మాట నాకు నచ్చింది, అది నాకు తట్టలేదు. అయితే లెక్క చూడండి. నలభై మందికి 160 సీసాలు. తడిమట్టితో ఒక్కొక్కటి కిలోన్నర అనుకున్నా 240 కిలోలు. అది పిల్లలు కింద కూర్చుని అన్నం తినే చోట గోడకు వేలాడుతుంది. ఇరవై సీసాలైతే నేనూ ఒప్పుకుంటాను, అవి కూడా వాడి పారేసినవే కావాలి, ఇంటింటికీ చీటీ పంపి రాబట్టినవి కాకూడదు.

మారతహళ్లి అమ్మ:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ మాటలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడాను. ఇరవైకి తగ్గించారు, దగ్గరి కల్యాణమంటపంలో పెళ్లి అయిన మర్నాడు సీసాలు ఏరుకొస్తామన్నారు. సెలవుల్లో నీళ్లెవరు పోస్తారంటే మాత్రం టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి, పుదీనా తనను కోసుకోనిస్తే తాను పోస్తానని వాచ్‌మన్ భార్య అన్నది.